వరంగల్‌లో డీజే, ఈడీఎం వినేటోళ్ల అభిప్రాయ సర్వే: ప్రశ్నలు న్యాయంగా ఉన్నయా, చూసి చెప్పండి

నైమ్‌నగర్ 808:
అందరికీ నమస్తే. మేం నలుగురం పీజీ చదువుతున్నం, నలుగురం ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్ (ఈడీఎం) వింటం. ప్రతి ఏడు వినాయక నిమజ్జనం దగ్గరికి రాంగనే, పెళ్లిళ్లు మొదలు కాంగనే డీజేల మీద చర్చ లేస్తది. పోలీసులు మాట్లాడ్తరు, డాక్టర్లు మాట్లాడ్తరు, కాలనీ పెద్దలు మాట్లాడ్తరు. వినేటోళ్లను, ఎగిరేటోళ్లను మాత్రం ఎవరూ అడగరు. అందుకే హన్మకొండ, వరంగల్, కాజీపేటల ఒక సర్వే చేద్దామనుకున్నం. కాలేజీల ఇచ్చి ఊకునుడు కాదు, ఫలితాలు కార్పొరేషన్‌కు, పోలీస్ కమిషనరేట్‌కు సుత ఇయ్యాలని ఉంది.

పైన రెండు లైన్ల పరిచయం రాసినం: "పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన ఈడీఎం నేడు మన యువతను ఉర్రూతలూగిస్తోంది. మీ విలువైన అభిప్రాయం చెప్పండి." దాని కింద ప్రశ్నలు:

1. మీరు ఈడీఎం అభిమానియేనా?
2. ఈడీఎం ఒత్తిడిని తగ్గించి ఉత్సాహాన్ని ఇస్తుందని అంగీకరిస్తారా?
3. మన దగ్గర మంచి ఈడీఎం కార్యక్రమాలు లేకపోవడం యువతకు అన్యాయమని అంగీకరిస్తారా?
4. డీజే సౌండ్ ఎక్కువగా, రాత్రి ఆలస్యంగా ఉండటం మీకు ఇబ్బందిగా ఉంటుందా?
5. ఈడీఎం పార్టీల్లో మత్తుపదార్థాలు వాడటం చూశారా, లేదా మీరు వాడారా?
6. రాత్రి 10 తర్వాత డీజేను నిషేధించాలా?

గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపులల్ల, ఇన్‌స్టాగ్రామ్‌ల పెడ్తం. 400 మంది నింపితే సరిపోతదంటున్నరు. మొహమాటం లేకుండా చెప్పండి.

సుబేదారి లెక్కల సార్:
మంచి ప్రయత్నం. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు కనిపించినవి చెబుతాను.

రెండు, మూడు ప్రశ్నలు చదవగానే అడిగేవారికి ఏ జవాబు కావాలో తెలిసిపోతోంది. "ఒత్తిడి తగ్గుతుందని అంగీకరిస్తారా" అని చదువుకున్న కుర్రవాడు ఎదురుగా నిలబడి అడిగితే, మనవాళ్లు మర్యాదకైనా తలూపుతారు. ఇది ఊహ కాదు, సర్వేలు చేసేవాళ్లు చాలా దేశాల్లో చూసిందే. అందుకే అంగీకారం అడగడం మానేసి విషయాన్నే అడగాలి: "ఈ సంగీతం విన్నాక మీ మనసు సాధారణంగా ఎలా ఉంటుంది?" కింద హుషారుగా, ప్రశాంతంగా, మార్పేమీ ఉండదు, చికాకుగా, అలసటగా అని వరుసగా ఇవ్వండి. మంచికి రెండు గడులు ఇస్తే చెడుకూ రెండు ఉండాలి.

నాలుగో ప్రశ్న ఒకటి కాదు, రెండు. సౌండ్ ఎక్కువైనా పర్వాలేదు, అర్ధరాత్రి మాత్రం వద్దనేవాడు ఎక్కడ టిక్కు పెట్టాలి? పెద్ద సౌండ్ పగలైనా భరించలేనివాడు ఎక్కడ పెట్టాలి? విడగొట్టండి.

ఆరో దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అమెరికాలో డొనాల్డ్ రగ్ అనే పరిశోధకుడు 1941లో ఒక ప్రయోగం ప్రచురించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే బహిరంగ ప్రసంగాలను "నిషేధించాలా" అని కొందరిని, "అనుమతించాలా" అని ఇంకొందరిని అడిగారు. నిషేధించాలన్నవాళ్ల కన్నా అనుమతించకూడదన్నవాళ్లు దాదాపు 20 శాతం ఎక్కువగా తేలారు. ఆచరణలో రెండూ ఒకటే, అయినా నిషేధం అన్నమాట కఠినంగా తోచి చాలామంది వెనక్కి తగ్గారు. మీ ఆరో ప్రశ్నకు కూడా ఇదే జరగవచ్చు. మీరేమో ఈ సంగీతం ఇష్టపడేవాళ్లు. మీకు అనుకూలమైన మాటే ఎంచుకున్నారని ఎవరైనా వేలెత్తి చూపితే కమిషనరేట్‌లో మీ కాగితం ఎవరూ చదవరు.

బాస్ బండి పరకాల:
తమ్మీ, నేను పరకాల దిక్కు డీజే బండి నడిపిస్త. బరాత్‌లు, నిమజ్జనాలు, దసరా, బతుకమ్మ అన్ని చేస్త. నీ మొదటి ప్రశ్ననే నా దగ్గర ఎగిరేటోళ్లందరిని బయటికి పంపుతున్నది. "ఈడీఎం అభిమానియేనా" అంటే బరాత్‌ల చెమటలు కారంగ ఎగిరిన పిలగాడు కాదంటడు. నేను కొట్టేది జానపదం రీమిక్స్. పైన మన అక్కలు పాడిన పాట, కింద మాత్రం హౌస్ మ్యూజిక్ కిక్కు, అంటే ధన్ ధన్ మనే డ్రమ్ము దెబ్బే, నడుమ తీన్‌మార్ దరువు కలుపుత. డీసీఎంల బాస్ బాక్సులు, టాపులు, యాంప్లిఫయర్లు, వెనుక జనరేటర్, ముందట ల్యాప్‌టాపు, కంట్రోలర్. గది ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్ కాకపోతే ఇంకేంది?

పేరు అడగకు. వినిపియ్యి. ఇరవై సెకండ్ల ముక్కలు నాలుగైదు ఫోన్ల పెట్టుకొని పో. "గిసొంటిది పోయిన నెలల విన్నవా? ఏడ విన్నవు? ఎగిరినవా?" గంతే అడుగు. ఎనుమాముల మార్కెట్ల హమాలీ చెప్తడు, ఆటో అన్న చెప్తడు, బతుకమ్మ ఆడిన అక్క చెప్తది. గూగుల్ ఫామ్ అయితే మీ దోస్తుల నడుమనే తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తది.

కాజీపేట ఇయర్‌ఫోన్స్:
పరకాల అన్న చెప్పిన ముక్కల పద్ధతి చాలా బాగుంది. దానికి రెండు మాటలు కలుపుతాను. ముక్కలన్నీ ఒకే సౌండ్ స్థాయికి తెచ్చి పెట్టండి. కొంచెం గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది, అది పాట గొప్పదనం కాదు. ఇంకోటి, అన్నీ రీమిక్సులే పెడితే నాలాంటివాళ్లు తప్పిపోతారు. నిమిషానికి 125 బీట్ల దగ్గర నడిచే హౌస్ ఒకటి, 170 దాటే డ్రమ్ అండ్ బేస్ ఒకటి, ట్రాన్స్ ఒకటి, జానపదం రీమిక్స్ ఒకటి, సినిమా పాట రీమిక్స్ ఒకటి ఉండాలి.

నేను బరాత్‌లో ఎప్పుడూ ఎగరలేదు, క్లబ్బుకు వెళ్లలేదు. హాస్టల్ రూములో చెవిలో పెట్టుకొని టెక్నో వింటాను. నాకు తెలిసిన అమ్మాయిల్లో వినేవాళ్లు చాలామంది ఇంతే. మీరు మండపాల దగ్గరో, కాలేజీ ఫెస్టుల దగ్గరో నిలబడి అడిగితే మేం దొరకం. ఇంటికి వచ్చి అమ్మ ముందు "పార్టీలకు వెళ్తారా" అని అడిగితే వచ్చే జవాబు మీకు తెలిసిందే. అలాంటి ప్రశ్నలకు ఫోన్ మా చేతికిచ్చి మీరు పక్కకు జరగండి, మేమే నింపుతాం. అడగడానికి వచ్చే జట్టులో ఒక అమ్మాయైనా ఉండాలి.

పరిచయంలో "పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన" అనే మాట తీసేయండి. అది చదవగానే సగం మంది మనసులో సంస్కృతి గొడవ మొదలవుతుంది. పైగా సగం కథే. హౌస్ షికాగోలో, టెక్నో డెట్రాయిట్‌లో 1980లలో నల్లజాతి యువకులు కట్టుకున్న సంగీతం, నిజమే. కానీ 1982లోనే ముంబై సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ కంపెనీ 808 డ్రమ్ యంత్రం, 303 బాస్ యంత్రం పెట్టుకొని హిందుస్తానీ రాగాలు రికార్డు చేశారు. మీ పేరులోని 808 అదే కదా.

నైమ్‌నగర్ 808:
అదే, అక్కా. పరిచయం మొత్తం తీసేస్తున్న. "మీరు వినే సంగీతం గురించి కొన్ని ప్రశ్నలు" అని మాత్రం ఉంచుత.

సార్, ఒక డౌట్. 400 మంది అయితే తప్పు 5 శాతం లోపలే ఉంటదని ప్రతి రిపోర్టుల రాస్తరు గదా. అది సరిపోదా?

సుబేదారి లెక్కల సార్:
ఆ 5 శాతం (సరిగ్గా చెప్పాలంటే 4.9) వరంగల్‌లో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉన్నప్పుడే. వాట్సాప్‌లో లింకు చూసి నచ్చినవాడు నింపేదానికి ఆ సూత్రం వర్తించదు. 400 కాదు, 40,000 మంది నింపినా వర్తించదు.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక జాబితాల్లో టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్లు ఎక్కువ, కార్డు తిరిగి పంపినవాళ్లలో రూజ్‌వెల్ట్ మీద కోపమున్నవాళ్లు ఎక్కువ. దానికంటే ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో సర్వే చేసిన జార్జ్ గ్యాలప్ గెలుపెవరిదో సరిగ్గా చెప్పాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలంటాం. కుండంతా ఒకే మంట మీద ఉంది కాబట్టి చాలుతుంది. నైమ్‌నగర్‌లో హాస్టల్ కుర్రాడూ, ఎనుమాముల హమాలీ ఒకే మంట మీద లేరు.

అభిమానుల జాబితా అంటూ ఎక్కడా లేదు. కాబట్టి ఇళ్ల నుంచి మొదలుపెట్టాలి. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో 66 డివిజన్లున్నాయి. చీటీలు తీసి 20 డివిజన్లు, ఒక్కోదాంట్లో 20 ఇళ్లు అనుకుందాం. మళ్లీ 400. కానీ ఒకే వీధిలో 20 మంది కొంత ఒకేలా ఆలోచిస్తారు. ఆ పోలిక (0 అంటే అసలు లేదు, 1 అంటే అందరిదీ ఒకే మాట) 0.05 అని పెట్టుకున్నా, మీ 400 మంది విలువ దాదాపు 205 మందికి పడిపోతుంది, తప్పు 6.8 శాతానికి పెరుగుతుంది. అదే 40 డివిజన్లు, ఒక్కోదాంట్లో పదేసి ఇళ్లు తిరిగితే విలువ 276 దాకా నిలుస్తుంది, తప్పు 5.9 దగ్గర ఆగుతుంది. తిరుగుడు ఎక్కువ, ఇంటర్వ్యూలు మాత్రం అన్నే.

ఎంజీఎం వెనక వీధి:
నేను ఈ సంగీతం విననివాణ్ణి. మా ఇల్లు ఎంజీఎం పెద్దాసుపత్రి దగ్గర. ఊరేగింపు పోయేటప్పుడు కిటికీ అద్దాలు అదురుతయి, మా నాయనకు గుండె ఆపరేషనైంది, ఆయన చెయ్యి పట్టుకొని కూసుంట. మీరు అభిమానులనే అడుగుతమంటున్నరు, అడగండి, తప్పులేదు. కానీ "వరంగల్ ప్రజలు ఏమంటున్నరు" అని కమిషనరేట్‌కు ఇస్తే అది నాకు అన్యాయం. పేరులోనే "వినేవాళ్లు" అని ఉండాలి.

ఇంకోటి. మీ ఆరో ప్రశ్న చదివితే రాత్రి 10 తర్వాత నిషేధం ఇప్పుడు కొత్తగా తెస్తున్నట్టుంది. కేంద్రం 2000లో చేసిన శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది: రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వద్దు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులు మించకుండా. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం చేస్తే అక్కడ పగలు 50, రాత్రి 40. ఉన్న చట్టాన్ని లేనట్టు అడిగితే జవాబులు ఎటో పోతయి.

బాస్ బండి పరకాల:
అన్నా, మీ నాయన సంగతి ఇంటే బాధనిపిచ్చింది. దవాఖాన కాడ మేం బంద్ చేసుకొని పోతం, అందరు చెయ్యరు, అది నాకు ఎరుకే. మీ మాట సుత ఆ సర్వేల ఉండాలె, నేను ఒప్పుకుంట.

సుబేదారి లెక్కల సార్:
అలాగైతే ఒక దారి ఉంది. ఎంపికైన ప్రతి ఇంట్లో ఎంపికైన మనిషికి చిన్న ప్రశ్నలు నాలుగు: ముక్కలు విన్నారా, ఎక్కడ, ఇష్టమా, మీ వీధిలో డీజే వల్ల మీకేమైంది. వినేవాళ్లని తేలితే మిగతా పెద్ద ఫారం వాళ్లకు. అప్పుడు ఎంజీఎం వెనక వీధి గారి జవాబూ ఉంటుంది, అభిమానుల జవాబూ ఉంటుంది, రెండూ కలిసిపోవు. అయితే ముగ్గురిలో ఒకరే వింటారనుకోండి, 400 మంది అభిమానులు కావాలంటే 1,200 మందిని కలవాలి. నలుగురితో అయ్యే పని కాదు. అభిమానులు 150 మందే దొరికితే 150 అనే రాయండి.

నర్సంపేట టీచర్:
నేను ఇల్లిల్లు తిరిగి లెక్కలు రాసినదాన్ని. 2014 ఆగస్టు 19న ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబర్‌ల మొదలైన కుల సర్వే, రెండిట్ల ఉన్న. కాగితం మీద శాంపిల్ ఎంత బాగున్నా గేటు దగ్గర ఏమయితదో చెప్త.

పగటిపూట పోతే ముసలోళ్లు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లే ఉంటరు. మీకు కావాల్సిన పిలగాండ్లు ఉండరు. ఇంటి పెద్దమనిషి తలుపుకాన్నుంచే "మా ఇంట్ల అసొంటియి ఎవ్వరు వినరు" అంటడు. మీరు అదే రాసుకొని వస్తే ఆ ఇల్లు మొత్తం విననోళ్ల లెక్కల పడ్తది. ఇంట్ల పద్దెనిమిది దాటినోళ్లల్ల ఎవరి పుట్టినరోజు దగ్గర్ల అయిపోయిందో అడిగి, ఆ మనిషితోనే మాట్లాడాలె. లేకపోతే ఎప్పుడొస్తరో అడిగి మళ్ల పోవాలె. ఆదివారం పొద్దున, మామూలు దినాల్ల సాయంత్రం ఏడు తర్వాత. ఇల్లు తాళం ఉన్నదని పక్కింటికి పోవద్దు. తాళమేసిన ఇండ్లల్ల ఉండేది మీ అభిమానులే, పక్కింట్ల దొరికేది మీ అభిమాని అమ్మమ్మ.

జిల్లా పేరు అడగకండి. 2021ల వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఇప్పటికీ సుబేదారిల ఉన్నోళ్లు "మాది వరంగలే" అంటరు. కాలనీ పేరు, డివిజన్ నంబరు మీరే రాసుకోండి.

ఎప్పుడు అడుగుతరన్నది గూడ చూడండి. నిమజ్జనం అయిన వారానికి అడిగితే ఒక జవాబు, శూన్యమాసంల అడిగితే ఒక జవాబు. సగం ఇండ్లు పండుగకు ముందు, సగం తర్వాత పెట్టుకోండి, ఏ ఇల్లు ఎప్పుడన్నది ముందుగాల చీటీలు తీయండి.

గోదావరిఖని నైట్ షిఫ్ట్:
మాది బొగ్గుబాయి. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి పొద్దున పండుకుంట. నాకు రాత్రి 10 అయినా ఒకటే, పగలు 11 గంటలకు పోయే ఊరేగింపుతోనే తిప్పలు. అట్లని డీజే వద్దన, మా చెల్లె పెండ్లిల నేనే పెట్టిచ్చిన. "మీరు మామూలుగా ఎప్పుడు పడుకుంటారు" అని ఒక్క ప్రశ్న పెట్టండి. రైల్వేల, దవాఖానల షిఫ్టులు చేసేటోళ్లు కాజీపేట, వరంగల్‌ల సుత ఉన్నరు.

కాజీపేట ఇయర్‌ఫోన్స్:
ఇళ్లు మాత్రమే తిరిగితే హాస్టళ్లు పోతాయి. నిట్, కాకతీయ యూనివర్సిటీ, కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ) హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఏ డివిజన్ ఇంటి నంబరులోనూ ఉండరు. ప్రైవేటు హాస్టళ్లు నైమ్‌నగర్, హంటర్ రోడ్ నిండా ఉన్నాయి. వాటిని విడిగా తీసుకోండి, రూము నంబర్లలో చీటీ తీయండి. చివర కలిపేటప్పుడు నగరంలో హాస్టల్ జనం ఎంత వాటా ఉంటే అంతే బరువు ఇవ్వండి. హాస్టల్లో అడగడం సులువని అక్కడే సగం నింపితే మళ్లీ వాట్సాప్ కథే.

చెవి ముక్కు గొంతు:
ఈఎన్‌టీ పీజీ చేస్తున్నాను. ఐదో ప్రశ్న తీసేయమంటాను, కారణం చెబుతాను.

1985 మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద నేరమైనదాన్ని "మీరు వాడారా" అని ఇంటి అరుగు మీద అడుగుతున్నారు. నిజం చెప్పేవాడు ఉండడు. పైగా ఆ ప్రశ్న వినగానే వీళ్లు మమ్మల్ని అనుమానిస్తున్నారని అర్థమై, తర్వాతి జవాబులన్నీ జాగ్రత్తగా వస్తాయి. భజన బృందాన్ని ఎవరూ ఈ ప్రశ్న అడగరు. ఒక సంగీతాన్నే పట్టుకొని అడగడంలోనే తీర్పు ఉంది.

అడగక తప్పదంటే 1965లో స్టాన్లీ వార్నర్ మొదలుపెట్టిన పద్ధతి నుంచి వచ్చిన ఒకటి ఉంది. జవాబిచ్చేవాడు మీకు చూపించకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజంతో పని లేకుండా "అవును" అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 400 మందిలో సుమారు 200 "అవును"లు నాణెం వల్లే వస్తాయి. మొత్తం 230 వచ్చాయనుకోండి, మిగతా 200 మందిలో 30, అంటే 15 శాతం. ఎవరు అన్నారో మీకూ తెలియదు, పోలీసులకూ తెలియదు. అయితే తప్పు బాగా పెరుగుతుంది, మీకున్న శాంపిల్‌కు అది తట్టుకోదు.

నేను అడగమనేది చెవుల గురించి. "కార్యక్రమం నుంచి వచ్చాక చెవుల్లో గుయ్‌మని మోత వచ్చిందా? ఎంతసేపు ఉంది? స్పీకర్‌కు ఎంత దగ్గర నిలబడతారు? ఇయర్‌ప్లగ్గులు దొరికితే పెట్టుకుంటారా?" డెసిబెల్ అని రాయకండి, ఎవరికీ అంచనా ఉండదు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా చెవికి ముప్పు తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కార్యక్రమాల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని 2022లో ఒక ప్రమాణం ఇచ్చింది, జనానికి ప్రశాంతంగా కూర్చునే చోటు కూడా ఉండాలంది. "అలాంటి చోటు ఉంటే మీరు వాడతారా" అన్నది అభిమానులనే అడగాల్సిన ప్రశ్న. వాళ్ల మేలు కోరి అడుగుతున్నామని వాళ్లకు అర్థమవుతుంది.

పద్దెనిమిది లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. మీరు 18 దాటినవాళ్లకే పరిమితం కండి. ఫోన్ నంబర్లు తీసుకోకండి.

నైమ్‌నగర్ 808:
మేడం, చెవుల ప్రశ్నలు మొత్తం పెడ్తున్న. ఐదో దాని మీద మా నలుగురిలనే కుదురుతలేదు. ఒక దోస్తు ఏమంటడంటే, పేపర్ల వచ్చేది అదొక్కటే, అది అడగకపోతే దాచినట్టయితదని.

ఎంజీఎం వెనక వీధి:
నేను కూడా అడగాలనే అంట. సౌండ్ ఒక్కటే మా భయం కాదు.

చెవి ముక్కు గొంతు:
మీ భయం నిజమే. కానీ ఈ ఫారంతో దానికి నమ్మదగ్గ జవాబు రాదు, తక్కువ అంకె వస్తుంది. ఆ తక్కువ అంకెను పట్టుకొని "ఏమీ లేదు" అని ఎవరైనా రాస్తే మీకే నష్టం.

బాస్ బండి పరకాల:
హైదరాబాద్‌ల 2024ల ఊరేగింపులకు డీజే బంద్ చేసిన్రు. అప్పటిసంది మా దిక్కు సుత "మీకు ఎప్పుడు బంద్ అయితది" అని అడిగేటోళ్లే. బంద్ పెట్టాల్నా వద్దా అని అడిగితే మనిషి ఏదో ఒక పార్టీల నిలబడ్తడు. నేను చూసేది వేరు. అదే మనిషి మేనబావ పెండ్లి అయితే పదకొండు దాకా కొట్టమంటడు, ఎదురు గల్లీల పెండ్లి అయితే తొమ్మిదింటికే 100కు ఫోన్ చేస్తడు. గది పట్టుకునేటట్టు అడుగుండ్రి.

కాజీపేట ఇయర్‌ఫోన్స్:
అన్నా, సర్వేలో దీనికి చక్కటి దారి ఉంది. ఒకే సంగతి రాసి, ఒక్క ముక్క మార్చి, సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి ఇవ్వడం. ఎవరికి ఏది అన్నది చీటీతో తేలాలి.

నైమ్‌నగర్ 808:
ఇట్ల రాసిన, చూడండి:

"మీ పక్క వీధిలో మీ బంధువుల పెళ్లి బరాత్ వెళ్తోంది. సమయం రాత్రి పదిన్నర. డీజే మోగుతోంది. మీరు ఏం జరగాలనుకుంటారు? ఉన్నట్టే సాగాలి. సౌండ్ తగ్గించి సాగాలి. అరగంటలో ఆపాలి. వెంటనే ఆపాలి. చెప్పలేను."

రెండో సగానికి "మీ బంధువుల" బదులు "మీకు తెలియనివాళ్ల". రెండు గుంపుల మధ్య తేడా వస్తే, జనం మాట్లాడేది సౌండ్ గురించా, సొంతోళ్లు–పరాయోళ్ల గురించా తెలుస్తది. రాత్రి 10 నియమం ఇప్పటికే ఉందన్న సంగతి ఈ ప్రశ్నకు ముందు చెప్పం. జవాబు తీసుకున్నంక "ఇలాంటి నియమం ఉందని మీకు ఇంతకుముందే తెలుసా" అని అడుగుతం.

మూడో ప్రశ్నల "అన్యాయం" తీసేసి, "వరంగల్‌లో టికెట్ పెట్టి డీజే కార్యక్రమం జరిగితే, ఎంత ధర దాకా వెళ్తారు? అసలు వెళ్లరా?" అని మార్చినం. మత్తు ప్రశ్న తీసేసి, ఎందుకు తీసినమో రిపోర్టుల రాస్తం.

సుబేదారి లెక్కల సార్:
బరాత్ ప్రశ్న బాగా కుదిరింది. జవాబులు రాకముందే ఇంకో కాగితం రాసి మీ గైడ్ దగ్గర తేదీ వేయించి పెట్టండి: ఏ లెక్కలు వేస్తారు, ఏ రెండు గుంపులను పోలుస్తారు, ఫలితం మీకు నచ్చకపోయినా వేస్తామని. ఎన్ని ఇళ్లు తలుపు తీయలేదు, ఎందరు వద్దన్నారు అన్నవి కూడా ఫలితాల మొదటి పేజీలోనే ఉండాలి. వయసు, ఆడమగ వాటాలు సరిచేయడానికి మనకున్నది 2011 జనాభా లెక్కలే, 2021లో జరగలేదు. ఆ సంగతీ రాయండి.

నర్సంపేట టీచర్:
బరాత్ ప్రశ్నను ఇయ్యాల మా బడిల అటెండర్ను, ఇద్దరు తల్లులను అడిగి చూసిన. జవాబు ఒక్కటే అడగలే, "ఏమనుకొని ఈ జవాబు చెప్పినవు" అని గూడ అడిగిన. "సౌండ్ తగ్గించి" అన్నదాన్ని ముగ్గురు మూడు తీర్లుగ పట్టుకున్నరు. ఒకామె ఇంట్ల టీవీ వినపడాలె అన్నది. అటెండర్ అయితే బాస్ ఉండొచ్చు, పైన పాట తగ్గాలె అన్నడు. ఇంకొకామె అసలు వినపడొద్దు అన్నది. అది మార్చకపోతే ఆ గడిల పడ్డ జవాబులు దేనికీ పనికి రావు.

బాస్ బండి పరకాల:
అటెండర్ చెప్పింది ఉల్టా, మేడం. ఇండ్లల్లకు దూరి అద్దాలు అదిరిచ్చేది బాసే. పైన పాట దూరం పోదు. కానీ జనం గట్లనే అనుకుంటరు.

నైమ్‌నగర్ 808:
అయితే ఇట్ల: "పక్క ఇళ్లలో తలుపులు మూసుకుంటే మాటలు మామూలుగా వినబడేంత తగ్గించి సాగాలి." ఆదివారం కాజీపేటల, ఆ పై ఆదివారం వరంగల్ చౌరస్తా దిక్కు కొంతమందిని ఇట్లనే, జవాబు చెప్పంగ మనసుల అనుకునేది పైకి చెప్పమని అడుగుతం. అక్కా, కాజీపేటకు మీరు వస్తరా? జట్టుల అమ్మాయి లేదు.

కాజీపేట ఇయర్‌ఫోన్స్:
వస్తాను. మా హాస్టల్ నుంచి ఇంకొకమ్మాయి కూడా వస్తుంది. పరకాల అన్నా, ముక్కలు ఎప్పుడిస్తారు?

బాస్ బండి పరకాల:
జానపదం రీమిక్సు, సినిమా రీమిక్సు నేను చేసిస్త, ఎవ్వరి పాట తీసుకోకుండ మా గల్లీ పిల్లతోని పాడిపిచ్చి. హౌస్, ట్రాన్స్, డ్రమ్ అండ్ బేస్ నువ్వు చేసుకో చెల్లె. అన్ని ఒకటే లెవెల్ల పెట్టి పంపు, నేను ఫోన్ స్పీకర్ల, ఇయర్‌ఫోన్ల రెండిట్ల విని చూస్త. ఫోన్ స్పీకర్ల బాస్ ఇనపడది, గందుకే ఇయర్‌ఫోన్లు పట్టుకపోండ్రి, ఒక్కొక్కలకు తుడిచి ఇయ్యుండ్రి.

సుబేదారి లెక్కల సార్:
ముక్కల వరుస ఒక్కొక్కరికి మార్చండి, మొదట విన్నదానికి, చివర విన్నదానికి మొగ్గు ఉంటుంది. బరాత్ ప్రశ్నలో "చెప్పలేను" ఎప్పుడూ చివరే ఉండనివ్వండి, మిగతా నాలుగింటినీ సగం ఫారాల్లో కింది నుంచి పైకి రాయండి.